రేసు కారుకు పాలీకార్బనేట్ అద్దాలు: షీటు, కోత, అంచు, బిగింపు ఎలా ఎంచుకోవాలి

రేసు కారులోని గాజు అద్దాలు తీసేసి పాలీకార్బనేట్ అనే పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ అమర్చాలనుకునేవారు సాధారణంగా ముందు అడిగేది షీటు ఎంత మందం ఉండాలని. ఆ ప్రశ్న అవసరమే గాని, దానికంటే ముందు తేలవలసింది ఒకటుంది. కారులోని ఒక్కో అద్దానిది ఒక్కో పని. ముందు అద్దంలోంచి డ్రైవరు ఎండలోనూ వానలోనూ దారి స్పష్టంగా చూడగలగాలి, వెనక అద్దం గాలి ఒత్తిడికి పొంగకుండా నిలవాలి, వెనక మూలల్లో ఉండే చిన్న అద్దం ఖాళీని మూస్తే చాలు. ఏ అద్దం పని ఏమిటో తేల్చుకుంటే దానికి తగిన షీటు, ఆ షీటుకు నప్పే కోత, ఆ కోత తరువాత అంచుకు చేయవలసిన పని, ఆ అంచును చెడగొట్టని బిగింపు ఒకదాని వెంట ఒకటి తేలతాయి. వీటిని దేనికది విడిగా ఎంచుకున్నప్పుడే మంచి షీటు కూడా ఒకటి రెండు పోటీలకే రంధ్రాల దగ్గర బీటలు వారుతుంది.

షీటు కొనేముందు మీరు పోటీ చేసే తరగతి నిబంధనలను పూర్తిగా చదవండి. కొన్ని తరగతులు ముందు అద్దంగా పొరల గాజును (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన గాజును) మాత్రమే అనుమతిస్తాయి. కొన్ని పాలీకార్బనేట్‌ను ఒప్పుకుంటూనే కనీస మందాన్ని, బిగింపు పద్ధతిని నిర్దేశిస్తాయి. ఇక్కడ చెప్పబోయే ఏ సలహా అయినా ఆ నిబంధనల తరువాతే.

గాజు, యాక్రిలిక్, పాలీకార్బనేట్

ఈ మార్పుకు మూలకారణం బరువు. గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు, పాలీకార్బనేట్‌ది 1.2 గ్రాములు. అంటే 4 మి.మీ. మందం గల గాజు చదరపు మీటరుకు 10 కిలోలు తూగే చోట, 3 మి.మీ. పాలీకార్బనేట్ 3.6 కిలోలు మాత్రమే తూగుతుంది. ఈ బరువు కారు పైభాగంలో తగ్గుతుంది కాబట్టి గురుత్వ కేంద్రం కూడా కిందికి దిగుతుంది. మలుపుల్లో తెలిసే లాభం అదే.

యాక్రిలిక్ అనే మరో పారదర్శక ప్లాస్టిక్ కూడా దాదాపు ఇంతే తేలిక. పైగా గీతలను పాలీకార్బనేట్ కంటే బాగా తట్టుకుంటుంది, లేజర్‌తో కోస్తే అంచు మెరుస్తూ వస్తుంది, ధరా తక్కువే. ఇన్ని సుగుణాలున్నా మనిషి కూర్చునే రేసు కారులో దానికి చోటివ్వకూడదని నా గట్టి అభిప్రాయం. దెబ్బ తగిలినప్పుడు యాక్రిలిక్ పదునైన పెద్ద ముక్కలుగా విరుగుతుంది. అదే దెబ్బకు పాలీకార్బనేట్ వంగుతుంది, సొట్టపడుతుంది, చాలా సందర్భాల్లో ఒకే ముక్కగా మిగులుతుంది. అందుకే యాక్రిలిక్‌ను ఇక్కడితో పక్కన పెడుతున్నాను.

పాలీకార్బనేట్‌ను 1953లో జర్మనీలో బేయర్ సంస్థకు చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన డేనియల్ ఫాక్స్ ఎవరికి వారుగా తయారుచేశారు. మాక్రోలాన్, లెగ్జాన్ అనే వ్యాపార నామాలు ఆ రెండు సంస్థల నుంచి వచ్చినవే. ఇప్పుడు ఎవరు తయారుచేసిన పాలీకార్బనేట్‌నైనా లెగ్జాన్ అని పిలవడం అలవాటైపోయింది కాబట్టి పేరు విని షీటు కొనకూడదు. రక్షణ ఫిల్మ్ మీద ముద్రించిన గ్రేడును, ఏ వైపు బయటికి ఉండాలో తెలిపే సూచనను చదివి కొనాలి. ఫిల్మ్ తీసేశాక కంటితో చూసి గ్రేడు గుర్తుపట్టడం దాదాపు అసాధ్యం.

ఈ పదార్థపు బలహీనతలు కూడా ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే తరువాతి నిర్ణయాలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. దీని ఉపరితలం మెత్తన, పొడిగుడ్డతో తుడిచినా గీతలు పడతాయి. దీని బిగువు గాజు బిగువులో ముప్పయ్యో వంతు మాత్రమే, అందువల్ల గాలికి అల్లాడుతుంది. వేడికి ఉక్కు కంటే అయిదారు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. అసిటోన్, థిన్నర్, పెట్రోలు, బ్రేక్ క్లీనర్ వంటి ద్రావకాలు తగిలితే, ముఖ్యంగా అప్పటికే ఒత్తిడిలో ఉన్న చోట, బీటలు వారుతుంది.

కోటింగ్ ఉన్న షీటా, లేని షీటా

అన్ని నిర్ణయాల్లోకీ ముఖ్యమైనది ఇదే. షీట్లు మూడు రకాలుగా దొరుకుతాయి: ఏ పొరా లేని సాదా షీటు, అతినీలలోహిత కిరణాల నుంచి రక్షించే పొర ఉన్న షీటు, గీతలను తట్టుకునే హార్డ్ కోటింగ్ ఉన్న షీటు. రెండవదాన్ని మూడవదిగా పొరబడేవారు ఎక్కువ. అతినీలలోహిత రక్షణ పొర షీటు పసుపు రంగుకు తిరగకుండా కాపాడుతుందే గాని, గీతలను ఆపదు.

హార్డ్ కోటింగ్ సాధారణంగా సిలికోన్ ఆధారిత పొర. మందం కొన్ని మైక్రాన్లే అయినా వైపర్ రాపిడిని, ఇసుకను, చాలా రసాయనాలను సాదా షీటు కంటే ఎంతో బాగా తట్టుకుంటుంది. అయితే ఆ పొర పెళుసు. షీటును బాగా వంచితే కింది పాలీకార్బనేట్ సులువుగా వంగుతుంది గాని, పైనున్న పొర సన్నని సాలెగూడులా పగులుతుంది. వేడి చేసి అచ్చులో వంచడానికి మామూలు హార్డ్ కోటింగ్ షీటు పనికిరాదు, అందుకోసమే తయారైన ప్రత్యేక గ్రేడు కావాలి. ఆ పొర మీద రంగు గాని జిగురు గాని సరిగా పట్టదు. లోతైన గీత పడితే పాలిష్ చేసి పోగొట్టడానికి వీలుండదు, ఎందుకంటే పాలిష్ చేస్తే పొర పోయి ఆ చోటు మసకగా మారుతుంది. సాదా షీటు మీద గీతలు త్వరగా పడతాయి గాని, చిన్న గీతలను ప్లాస్టిక్ పాలిష్‌తో చాలావరకు తగ్గించవచ్చు.

అందువల్ల నా ఎంపిక ఇలా ఉంటుంది. వైపర్ తిరిగే ముందు అద్దానికి హార్డ్ కోటింగ్ తప్పనిసరి, ఖర్చు చేయవలసిన చోటు అదే. డ్రైవరు పక్క తలుపు అద్దం ఎప్పుడూ దుమ్ములో ఉంటుంది, బయటి సైడ్ మిర్రర్‌లో వెనక దృశ్యం చూడవలసిందీ దానిలోంచే. అందువల్ల వంపు తక్కువైతే దానికీ హార్డ్ కోటింగే మేలు. వెనక మూలల చిన్న అద్దాలకు, గాలి గొట్టాలు అమర్చే అద్దాలకు అతినీలలోహిత రక్షణ పొర మాత్రమే ఉన్న షీటు సరిపోతుంది. వాటిని గీతలు పడ్డాక మార్చడమే చౌక.

వంపు విషయంలో చల్లగా వంచే పద్ధతికి ఒక హద్దు ఉంది. సాదా షీటును వేడి చేయకుండా వంచాలంటే వంపు వ్యాసార్ధం షీటు మందానికి కనీసం 100 రెట్లు ఉండాలని సాధారణంగా చెబుతారు, అంటే 3 మి.మీ. షీటుకు 300 మి.మీ. హార్డ్ కోటింగ్ షీటుకు ఇంకా పెద్ద వ్యాసార్ధం కావాలి, ఆ అంకెను తయారీదారు పట్టికలోనే చూడాలి. ఇదంతా ఒకే దిశలో వంగే అద్దాలకు వర్తిస్తుంది. రెండు దిశల్లోనూ వంపు ఉన్న ముందు అద్దాన్ని సమతలపు షీటు నుంచి చల్లగా వంచి చేయాలని ప్రయత్నించకండి. బలవంతంగా లాగి బిగించిన షీటు నిరంతరం ఒత్తిడిలో ఉండి, ప్రతి స్క్రూ దగ్గరా బీటకు చోటిస్తుంది, చూపును కూడా వంకరగా చూపిస్తుంది. అటువంటి అద్దాన్ని మీ కారు నమూనాకు అచ్చుపోసి, తరువాత కోటింగ్ వేసిన తయారు అద్దంగా కొనడమే మంచిది. సొంతంగా అచ్చుపోయాలంటే షీటును 170 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. అంతకుముందు 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలపాటు ఓవెన్‌లో ఆరబెట్టాలి. పాలీకార్బనేట్ గాలిలోని తేమను కొద్దిగా పీల్చుకుంటుంది, ఆ తేమను ముందుగా పోగొట్టకపోతే అచ్చు వేడికి షీటు లోపల బుడగలు లేస్తాయి.

మందం

గంటకు 200 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి గతిజ పీడనం సుమారు 1.9 కిలోపాస్కళ్ళు, అంటే చదరపు మీటరు మీద దాదాపు 190 కిలోల బరువు మోపినట్టు. ఈ ఒత్తిడి అన్ని అద్దాల మీదా ఒకే తీరుగా ఉండదు. ముందు అద్దాన్ని లోపలికి నెడుతుంది, పక్క అద్దాలను చాలా చోట్ల బయటికి పీలుస్తుంది. తలుపు అద్దపు బిగింపును బయటి నుంచి తోసి పరీక్షించడం సరిపోదని, లోపలి నుంచి కూడా తోసి చూడాలని దీనివల్ల తెలుస్తుంది.

సాధారణంగా చిన్న పక్క అద్దాలకు 3 మి.మీ., పెద్ద తలుపు అద్దాలకు, వెనక అద్దానికి 4 మి.మీ., ముందు అద్దానికి 5 లేదా 6 మి.మీ. వాడతారు. మందం 3 నుంచి 4 మి.మీ.కి పెరిగితే బరువు మూడో వంతు పెరుగుతుంది, వంగకుండా నిలిచే బలం మాత్రం దాదాపు 2.4 రెట్లవుతుంది. అందుకే అల్లాడే తలుపు అద్దాన్ని 3 నుంచి 4కు మార్చడం లాభసాటి బేరం. అయితే వెనక అద్దాన్ని 3 నుంచి 5కు మార్చేముందు ఇంకో దారి ఆలోచించండి. చదరపు మీటరుకు 2.4 కిలోలు అదనంగా మోయడం కంటే, 3 మి.మీ. షీటుకే రెండు సన్నని అల్యూమినియం పట్టీలను అడ్డంగా వేస్తే తక్కువ బరువుతో అదే పని జరుగుతుంది. వెనక అద్దంలోంచి చూపు అంత కీలకం కాదు గనుక పట్టీలు అక్కడ ఇబ్బంది పెట్టవు. ముందు అద్దానికి లోపలి వైపు నిలువు పట్టీ వేయాల్సి వస్తే, అది డ్రైవరు చూపుకు అడ్డుపడని చోట ఉండాలి.

ఏ పనిముట్టుతో కోయాలి

మూస తయారుచేయడానికి పాత గాజు అద్దమే అన్నిటికంటే నమ్మకమైన ఆధారం. దాని మీద మందపాటి కాగితం పరిచి అంచు వెంట గీసి, ఆ గీతను పలుచని ప్లైవుడ్ మీదికి మార్చి, ఆ మూసను కారులో పెట్టి సరిచూశాకే షీటు జోలికి వెళ్ళాలి. వ్యాకోచానికి చోటు కూడా ఈ దశలోనే వదలాలి. 40 డిగ్రీల తేడాకు మీటరు పొడవున్న పాలీకార్బనేట్ సుమారు 2.7 మి.మీ. పెరుగుతుంది, అంతే పొడవున్న ఉక్కు చట్రం అర మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. కాబట్టి మీటరుకు 2 నుంచి 3 మి.మీ. ఖాళీ తప్పదు.

ఒక కారుకు ఒక జత అద్దాలు చేసుకునేవారికి జిగ్‌సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే విద్యుత్ రంపం), రౌటర్ (వేగంగా తిరిగే బిట్‌తో అంచును చెక్కే యంత్రం) కలిపి వాడే పద్ధతిని మించినది లేదు. జిగ్‌సాకు అంగుళానికి 10 నుంచి 14 పళ్ళున్న సన్నని బ్లేడు వేసి, బ్లేడు ముందుకూ వెనక్కూ ఊగే అమరికను ఆపేయండి. షీటును రక్షణ ఫిల్మ్‌తోనే ఉంచి, కోత గీతకు దగ్గరగా కింద ఆధారమిచ్చి, అదరకుండా క్లాంపులతో బిగించి, గీతకు 2 మి.మీ. బయటగా కోయాలి. కోసేటప్పుడు రాలే పొట్టును గమనించండి. అది పొడిగా, పొట్టి రేకులుగా రాలుతుంటే వేగం సరిగా ఉన్నట్టు. వెంట్రుకల్లాంటి పోగులు బ్లేడుకు చుట్టుకుంటున్నా, బ్లేడు దాటిన వెంటనే కోత మళ్ళీ అతుక్కుపోతున్నా షీటు కరుగుతోందని అర్థం. అప్పుడు బ్లేడు వేగం తగ్గించి, చేతితో ముందుకు తోసే వేగం కాస్త పెంచాలి. చాలామంది దీనికి వ్యతిరేకంగా చేతిని నెమ్మదింపజేస్తారు, దానితో బ్లేడు ఒకేచోట రుద్దుకుని కరగడం ఇంకా ఎక్కువవుతుంది. మిగిలిన 2 మి.మీ. భాగాన్ని రౌటర్‌లో కార్బైడ్ పళ్ళు, బేరింగ్ ఉన్న నిటారు బిట్‌తో, ప్లైవుడ్ మూసను అనుసరిస్తూ తీసేస్తే అంచు దాదాపు పూర్తయి వస్తుంది.

పొడవైన తిన్నని కోతలకు కార్బైడ్ పళ్ళున్న వృత్తాకార రంపం జిగ్‌సా కంటే వేగంగా, తిన్నగా కోస్తుంది. వంపులకు పనికిరాదు. ఒకే నమూనా కార్లు చాలా ఉన్న జట్టుకైతే కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ రౌటర్ మేలు, ఒకసారి కొలతలు ఎక్కిస్తే విరిగిన అద్దానికి బదులు మరొకటి అచ్చంగా అలాగే వస్తుంది. నీటి ధారతో కోయించడమూ మంచిదే, అంచుకు వేడి తగలదు. లేజర్ మాత్రం వద్దు. యాక్రిలిక్‌ను శుభ్రంగా కోసే లేజర్ పాలీకార్బనేట్ అంచును మాడ్చి గోధుమరంగుకు తిప్పుతుంది, మసి పడుతుంది. గీత గీసి విరిచే పద్ధతి కూడా గాజుకూ యాక్రిలిక్‌కూ చెల్లుతుంది గాని, విరగకపోవడమే గుణమైన ఈ షీటుకు చెల్లదు.

అంచు

అంచును నున్నగా చేయడం అందం కోసమని అనుకోవడం సరికాదు. రంపం పళ్ళు వదిలిన ప్రతి గాటూ బీట మొదలయ్యే చోటే. అదురుతూ, వేడికి పెరుగుతూ, చలికి తగ్గుతూ ఉండే షీటులో అటువంటి గాటు ఎక్కువ కాలం గాటుగానే ఉండిపోదు. పనిలో ఓపిక పెట్టవలసిన చోటు ఇదే.

ముందుగా పదునైన ఉక్కు గీకుడు పలకను అంచుకు నిటారుగా పట్టి, ఒకే దిశలో పొడవుగా లాగాలి. పలుచని చుట్టలుగా పదార్థం లేస్తూ రంపపు గాట్లు మాయమవుతాయి. తరువాత 180, 320 నంబర్ల ఎమెరీ కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి రుద్దాలి. రబ్బరు కింద దాగే అంచుకు 320తో ఆపవచ్చు, బయటికి కనిపించే అంచుకు 600 నంబరును తడిపి వాడితే చాలు. రెండు వైపుల మూలలనూ అర మిల్లీమీటరు ఏటవాలుగా తీయాలి. హార్డ్ కోటింగ్ ఉన్న షీటుకైతే ఆకురాయిని పైముఖం నుంచి లోపలికి మాత్రమే నడపాలి, బయటికి లాగితే పొర అంచున పెచ్చులుగా లేస్తుంది. లోపలి మూల ఎక్కడ వచ్చినా అది గుండ్రంగా ఉండాలి. తాళం కోసమో సైడ్ మిర్రర్ చేయి కోసమో గాడి తీయాల్సి వస్తే, ముందుగా మూలల్లో రంధ్రాలు వేసి, ఆ రంధ్రాల మధ్య కోయండి.

మంటతో అంచును మెరిపించే పద్ధతి యాక్రిలిక్‌ది. పాలీకార్బనేట్ మీద అది బుడగలు లేపుతుంది, రంగు మారుస్తుంది. మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి పట్టిస్తే అంచు అద్భుతంగా మెరిసే మాట నిజమే గాని, ఆ ఆవిరి ప్రాణాంతకం. సొంత షెడ్డులో ఆ పని ఎవరికీ సిఫారసు చేయలేను.

బిగింపు

రంధ్రం స్క్రూ కంటే పెద్దదిగా ఉండాలి. 5 మి.మీ. స్క్రూకు 8 మి.మీ. రంధ్రం వేసి, కింద రబ్బరు వాషరు, పైన వెడల్పైన లోహపు వాషరు పెట్టండి. అంచు నుంచి రంధ్రం మధ్యకు ఉండే దూరం రంధ్రపు వ్యాసానికి కనీసం రెట్టింపు ఉండాలి. రంధ్రాలు వేయడానికి మెట్లు మెట్లుగా లావయ్యే మెట్ల బిట్టు మంచిది, మామూలు బిట్టు షీటును దాటే క్షణంలో పట్టుకుని గుంజే ప్రమాదముంది. రంధ్రం లోపలి అంచునూ ఎమెరీ కాగితంతో నున్నగా చేయాలి.

తల కిందికి దిగే కౌంటర్‌సంక్ స్క్రూలు చూడటానికి చక్కగా ఉంటాయి గాని, వాటి శంకువు తల చీలలా దిగి షీటును చీలుస్తుంది. గుండ్రని తల ఉన్న స్క్రూ, నైలాన్ పట్టు ఉన్న నట్టు వాడి, వాషరును వేలితో గట్టిగా తిప్పితే ఇంకా తిరిగేంత బిగువు దగ్గర ఆపాలి. నట్టు వదులవుతుందన్న భయంతో మరలకు పూసే జిగురును వాడకండి, ఆ ద్రవం పాలీకార్బనేట్‌కు తగిలితే రంధ్రం చుట్టూ బీటలు లేస్తాయి. పాప్ రివెట్లు తేలిక, చౌక. అయితే అవి రంధ్రంలో వ్యాకోచించి షీటును నొక్కుతాయి కాబట్టి వెనక వాషరు వేసి, చిన్న అద్దాలకే పరిమితం చేయాలి. తరచూ తీయవలసిన అద్దాలకు పావు చుట్టుతో ఊడే ఫాస్టెనర్లే సరైనవి.

అంటించడం ముందు అద్దానికి బాగుంటుంది, ఎందుకంటే బలం స్క్రూల దగ్గర పోగుపడకుండా అంచంతటా పరుచుకుంటుంది. అందుకు సాగే గుణం ఉన్న పాలీయురెథేన్ జిగురు, పాలీకార్బనేట్‌కు పనికొస్తుందని దాని తయారీదారు చెప్పిన ప్రైమర్ (జిగురు పట్టడానికి ముందుగా పూసే పూత), జిగురు మీద ఎండ పడకుండా నల్లని అంచు కావాలి. హార్డ్ కోటింగ్ ఉన్న చోట ఏ ప్రైమర్ పడుతుందో, పొరను గరుకుగా చేయాలో లేదో తయారీదారు సూచనల్లో చూసి, ముందుగా ముక్క మీద పరీక్షించండి. సందులు పూడ్చే సిలికోన్‌లో వెనిగర్ వాసన వచ్చే రకం కాక, తటస్థంగా గట్టిపడే రకం ఎంచుకోండి. మెత్తని పీవీసీ పట్టీలు కాక ఈపీడీఎం రబ్బరు పట్టీలు వాడండి, పీవీసీలోని మెత్తదనం తెచ్చే రసాయనం షీటులోకి ఇంకి బీటలకు దారితీస్తుంది.

ప్రమాదంలో గాజు పగలగొట్టే చిన్న సుత్తి పాలీకార్బనేట్ మీద పనిచేయదు. అందువల్ల డ్రైవరు పక్కన కనీసం ఒక అద్దం లోపలి నుంచీ బయటి నుంచీ పనిముట్లు లేకుండా ఊడేలా ఉండాలి, ఎక్కడ లాగాలో బయట గుర్తు కనిపించాలి. బిగింపు పద్ధతుల్లో ఏది ఎంచుకున్నా ఈ ఒక్క అద్దాన్ని శాశ్వతంగా అంటించవద్దు.

శుభ్రం చేయడానికి ముందుగా నీళ్ళు ధారగా పోసి దుమ్ము పోగొట్టి, ఆ తరువాత సబ్బు నీళ్ళు, మైక్రోఫైబర్ గుడ్డ వాడండి. అమోనియా ఉన్న గాజు క్లీనర్లు వద్దు. మొదటిసారి కారు ట్రాక్ మీద వేడెక్కి చల్లబడ్డాక ప్రతి రంధ్రాన్నీ ఏటవాలు ఎండలో పెట్టి పరిశీలించండి. రంధ్రం చుట్టూ వెండి దారాల్లాంటి సన్నని గీతలు కనిపిస్తే అక్కడ స్క్రూ మరీ బిగుసుకుందో, రంధ్రం ఇరుకైందో, ద్రావకం తగిలిందో తేల్చుకుని కారణాన్ని సరిచేయండి. ఆ గీతలు వేలిగోరుకు తగిలేంత లోతైతే ఆ అద్దాన్ని తీసేసి, అదే మూసతో కొత్తది కోయండి.